గరాజ్ సేల్‌లో పాత పనిముట్లు కొనొచ్చా, వద్దా?

సొంతపని:
ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాను బయటపెట్టి అమ్ముతున్నారని నిన్న వెళ్లాను. రెండు ఉలులు, ఒక చిత్రిక, కార్డ్‌లెస్ డ్రిల్, ఇనుము, టైల్స్ కోసే ఓ చేతి గ్రైండర్, మూలన రెండు సిమెంటు బస్తాలు, కొన్ని టైల్స్. అన్నీ చవకే, కానీ ఉలుల నిండా తుప్పు. ఇంట్లోవాళ్లు ఊళ్లోవాళ్ల తుప్పంతా మనకెందుకంటున్నారు. ఏం చేయమంటారు?

చెక్కపని:
ఉలులు, చిత్రిక కళ్లు మూసుకుని కాదు, కళ్లు పెట్టి చూసి కొనండి. పైపైన ఎర్రగా ఉన్న తుప్పుకి భయపడొద్దు, ఒక రాత్రి వెనిగర్‌లో నానబెడితే వదులుతుంది, తర్వాత వంటసోడా నీళ్లలో కడిగి పొడిగా తుడిచి అప్పటికప్పుడే నూనె రాయాలి, లేకపోతే చూస్తుండగానే మళ్లీ ఎర్రబడుతుంది. అసలు చూడాల్సింది ఉలి వీపు, అంటే ఏటవాలు లేని చదునైన వైపు. అంచు దగ్గర సూదితో పొడిచినట్టు గుంటలుంటే వదిలేయండి, ఎంత సాన పట్టినా ఆ గుంట తగిలిన చోటల్లా అంచు పళ్లు పడుతుంది. అంచు నీలంగా ఉందంటే ఎవరో గ్రైండర్ మీద మాడ్చేశారు, అక్కడివరకు ఉక్కు మెత్తబడిపోయినట్టే. నేను ఇరవై ఏళ్లుగా వాడే ఉలి పిడి విరిగి ఇలాగే దొరికింది. కొత్త పిడి వేసుకున్నాను, ఇప్పటికీ తలుపు కీలు కూర్చోబెట్టాలంటే ముందు దాన్నే తీస్తాను.

వైరింగ్:
ఉలి సంగతి ఒప్పుకుంటాను, కరెంటు సామాను మాత్రం వద్దు. లిథియం బ్యాటరీ వాడకుండా పక్కన పెట్టినా పాడవుతూనే ఉంటుంది, ఆ మోడల్ బ్యాటరీ ఇప్పుడు దొరక్కపోతే డ్రిల్ ఉండీ లేనట్టే. ఇక గ్రైండర్. చిన్న 4 అంగుళాలదైనా నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది, డిస్కు చుట్టూ ఉండే రక్షణ రేకు (గార్డు) తీసేసి ఉంటే దాన్ని ముట్టుకోకండి. దాంతోపాటు ఇచ్చే డిస్కులు ఉచితమైనా తీసుకోవద్దు. మధ్యలో ఇనుప రింగు మీద గడువు తేదీ ఉంటుంది చూడండి, తయారైన మూడేళ్లకే చాలా వాటికి గడువు అయిపోతుంది, తేమ తగిలితే ఇంకా ప్రమాదం. నా చేతిలోనే ఒకటి ముక్కలైంది, కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాను కాబట్టి కన్ను దక్కింది.

చెక్కపని:
డిస్కుల విషయంలో మీ మాటే నా మాట. కానీ వైరున్న పాత డ్రిల్ దొరికితే దాన్ని కూడా అదే గాటన కట్టొద్దు. అక్కడే ప్లగ్ పెట్టి తిప్పించమనండి. లోపల నిప్పురవ్వలు బాగా కనిపిస్తే తరచుగా మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లే అరిగి ఉంటాయి, అవి చిన్న ఖర్చు. గరగరమని బేరింగ్ అరుస్తున్నా, కాలిన వాసన వచ్చినా మాత్రం దండం పెట్టి వచ్చేయండి.

మేస్త్రీపని:
సిమెంటు సంగతి ఎవరూ చెప్పలేదు. బస్తా మీద తయారైన నెల చూడండి, మూడు నెలలు దాటితే బలం తగ్గడం మొదలవుతుంది, గడ్డలు వేళ్లతో నలిపినా పొడి కాకపోతే ఊరికే ఇచ్చినా వద్దు. స్లాబుకి, పిల్లర్లకి పాత సిమెంటు అసలే పెట్టకండి. టైల్స్ అయితే పెట్టెల మీద బ్యాచ్ నంబరు, షేడ్ ఒకటేనా చూసుకుని, మీ గదికి కావలసినన్ని, పైన పదో వంతు ఎక్కువ ఉంటేనే కొనండి. తక్కువపడితే అదే రంగు మళ్లీ దొరకదు.

సొంతపని:
డ్రిల్, సిమెంటు వదిలేస్తున్నా. టైల్స్ పెట్టెలు లెక్కపెడతా. ఉలుల వీపు మాత్రం నిన్న తిప్పి చూడలేదు, రేపు పొద్దున్నే వెళ్లి చూసి ఫోటో పెడతాను.