పేజీ నంబరు తప్పైతే 404 (పేజీ దొరకలేదు) ఏంటండీ? జెర్సీ (జావా వెబ్ లైబ్రరీ) తెలిసినవాళ్ళు చెప్పగలరా

బెంగళూరు మారతహళ్ళిలో ఓ చిన్న కంపెనీలో చేస్తున్నా. పాత సర్వ్‌లెట్ (జావా వెబ్) కోడ్ నా నెత్తిన పడింది. ఎక్కడ చూసినా రిక్వెస్ట్‌లో పంపిన విలువ తీసుకునే గెట్‌పారామీటర్, కింద అది ఖాళీయా అని నల్ చెక్, ఆ కింద దాన్ని అంకెగా మార్చే పార్స్‌ఇంట్. విసుగొచ్చి అదే పనికి స్ప్రింగ్ (ఇంకో జావా ఫ్రేమ్‌వర్క్)లో ఒకటి, జెర్సీలో ఒకటి, రెండు నమూనాలు రాశా.

స్ప్రింగ్ రిక్వెస్ట్‌పరామ్‌లో పేజ్ పంపకపోయినా, అంకె బదులు అక్షరాలు పంపినా 400 (రిక్వెస్ట్ తప్పు). బాగుంది. జెర్సీ క్వెరీపరామ్‌ని (యూఆర్‌ఎల్‌లో ? తర్వాతి విలువ తీసుకునేది) ఇంట్‌గా, అంటే అంకెగా పెడితే, పంపనప్పుడు చడీచప్పుడూ లేకుండా 0. అక్షరాలు పంపితే 404! యూఆర్‌ఎల్ తప్పేమోనని ఓ పూటంతా వెతికా. పైగా గెట్‌పారామీటర్ ఫామ్ డేటా కూడా ఇచ్చేది, ఈ క్వెరీపరామ్ ఇవ్వదు.

స్ప్రింగ్ అంటే మా లీడ్ ఒప్పుకోరు. మరి జెర్సీలో 400 రావాలంటే స్ట్రింగ్‌గా తీసుకుని నేనే పార్స్ చేసుకోవాలా, ఎక్సెప్షన్ మ్యాపర్ (ఎర్రర్‌ని మనకి కావలసిన జవాబుగా మార్చే క్లాసు) రాయాలా? మ్యాపర్ పెడితే నిజంగా లేని పేజీల 404 కూడా మారిపోదా?