మొదటి బ్యాచ్ నిండింది, రెండోది బోసిపోయింది: కోర్సులు నడిపేవాళ్లు ఒక మాట చెప్పండి

మగ్గం అక్క, తెనాలి
నమస్కారం అండి. పన్నెండేళ్లుగా బ్లౌజులకు మగ్గం వర్క్ చేస్తున్నాను. మొన్న ఆషాఢంలో అదే నేర్పే కోర్సు పెట్టాను, ముందే తీసిన వీడియో పాఠాలు, 2,999 రూపాయలు. మొదటి వారంలోనే 64 మంది చేరారు. ఆ ఊపులో మా ఆయన రింగ్ లైటు, ఇంకో ఫోను కొనేశారు. కార్తీకంలో మళ్లీ తెరిస్తే వచ్చింది 11 మంది. ప్రకటనలకే 26 వేలు అయింది, చేతికి ఆరేడు వేలు మిగిలాయి. ఎక్కడ తేడా కొట్టిందో అర్థం కావట్లేదు.

ట్యాలీ మాస్టారు, వరంగల్
మేడమ్, ఆ 64 మందిలో మిమ్మల్ని ముందే ఎరిగినవాళ్లు ఎంతమంది? నా మొదటి బ్యాచ్‌లో 40 మంది ఉంటే, ముప్పై మందికి పైగా నా ఇన్‌స్టిట్యూట్ పాత పిల్లలే. వాళ్లు నా మొహం చూసి డబ్బు కట్టారు, కోర్సు చూసి కాదు. రెండో బ్యాచ్‌కి వచ్చే కొత్తవాళ్లకి మనమెవరో తెలియదు. ఫోన్‌లో ప్రకటన చూసి అక్కడికక్కడే మూడు వేలు ఎవరు కడతారు చెప్పండి?

ఇప్పుడు నేను ప్రకటన డబ్బుతో కోర్సు అమ్మను, ఆదివారం ఉచిత క్లాసుకి పిలుస్తాను. అందులో ఒక పని మొదలుపెట్టి పూర్తి చేసి చూపిస్తాను. ఒక షాపు నెల బిల్లులు తీసుకుని ట్యాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఎక్కించి, పన్ను రిటర్ను అంకెలు తేల్చేదాకా. ఒక హెచ్చరిక: జూమ్ ఉచిత ఖాతా 40 నిమిషాలకి కట్ అయిపోతుంది. మొదటిసారి సరిగ్గా ఫీజు చెప్పబోతుంటే కట్ అయింది. మళ్లీ లింకు పంపితే సగం మంది రాలేదు.

ఊరికే చదివేవాణ్ణి
అమ్మకాల సంగతి సరే. 64 మందిలో కోర్సు పూర్తి చేసినవాళ్లు ఎంతమంది అక్కా?

మగ్గం అక్క, తెనాలి
మీరు అడిగాకే లెక్క చూశాను తమ్ముడూ. 19 మంది. సిగ్గుగా ఉంది.

ఊరికే చదివేవాణ్ణి
సిగ్గెందుకు, మిగతా 45 మందికీ ఫోన్ చేయండి. మెసేజ్ పెడితే "బాగుంది మేడమ్" అనేసి ఊరుకుంటారు. ఫోన్‌లో అయితే అసలు సంగతి చెబుతారు. నేను ఇప్పటికి మూడు కోర్సులు కొని మధ్యలో వదిలేశాను. ఒక్కరు కూడా ఎందుకు ఆపావని అడగలేదు. అడిగి ఉంటే నాలుగోది కూడా వాళ్ల దగ్గరే కొనేవాణ్ణేమో.

సంగీతం టీచరు, డల్లాస్
అక్కా, కార్తీకం అంటే పెళ్లిళ్ల సీజను కదా, టైలర్ల చేతినిండా పని. వాళ్లకి నేర్చుకునే తీరికెక్కడ? ఆషాఢంలో ముహూర్తాలు లేవు, అందుకే మొదటిసారి వచ్చారేమో. ధనుర్మాసం కూడా ఖాళీయే, చూడండి.

నా సంగతి: ఇక్కడి తెలుగు పిల్లలకి, హైదరాబాద్ పిల్లలకి కలిపి కర్ణాటక సంగీతం చెబుతాను. కొత్తవాళ్ల కోసం రెండేళ్లు తెగ పరిగెత్తాను. మన పెద్దలు వరస ముందే వేసి పెట్టారు కదా: సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు. ఒక్కొక్కటి ఒక్కో కోర్సు చేశాక పాతవాళ్లే తర్వాతి మెట్టుకి వస్తున్నారు. మీకూ అంతే కదా? గొలుసు కుట్టు వచ్చినవాళ్లకి జర్దోసి (జరీ తీగల పని), ఆ తర్వాత పెళ్లికూతురి బ్లౌజు.

(టైము తిప్పలు వేరే. వేసవిలో మీకూ మాకూ పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. నవంబరులో ఇక్కడ గడియారం మారిన వారం సగం మంది హైదరాబాద్ పిల్లలు గంట ముందే వచ్చి కూర్చుంటారు.)

కేక్ స్టూడియో, రాజమండ్రి
నా కేకుల కోర్సు వీడియోలు ఎవరో టెలిగ్రామ్‌లో 99 రూపాయలకి అమ్ముతున్నారు! రెండు రాత్రులు నిద్ర లేదు. రిపోర్టులు కొట్టీ కొట్టీ విసుగొచ్చి, ఇప్పుడు వీడియో మీద కొన్నవాళ్ల ఫోన్ నంబరు కనపడేలా పెట్టాను. కాస్త తగ్గింది. వారానికోసారి వాళ్లు చేసిన కేకుల ఫొటోలు చూసి తప్పులు చెబుతున్నాను. ఇప్పుడు చేరేవాళ్లలో ఎక్కువమంది దాని కోసమే వస్తున్నారు.

ఆడిటర్ ఆఫీసు, గుంటూరు
పెరగాలనుకునేవాళ్లు ఇదొకటి చూసుకోండి. సేవలకి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఇలాంటి కోర్సులకి 18 శాతం. షాపు, కోర్సు ఒకే పాన్ మీద ఉంటే రెండూ కలిపే లెక్క. చాలామంది కోర్సు డబ్బు ఒక్కటే చూసుకుని బోల్తా పడతారు. రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా ధర 2,999 దగ్గరే ఉంచితే అందులో మీది సుమారు 2,542, మిగతా 457 పన్ను. పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే సంస్థ) కోత దీనికి అదనం.

మగ్గం అక్క, తెనాలి (నెల తర్వాత)
అందరికీ దండాలు. ఫోన్లు చేశాను. 45 మందిలో 31 మంది ఎత్తారు. నలుగురైదుగురు తీరిక లేదన్నారు. మిగతావాళ్లందరూ ఒకే చోట ఆగిపోయారు: నాలుగో పాఠం, గొలుసు కుట్టు.

మగ్గంలో పైచెయ్యి సూది పట్టుకుంటుంది, దారం అందించేది ఫ్రేము కింద ఉన్న ఎడమ చెయ్యి. నా వీడియోలో ఆ చెయ్యి కనపడనే కనపడదు! ఎదురుగా కూర్చున్నవాళ్లయితే వంగి చూస్తారు. వీడియోలో ఎలా వంగుతారు? ఒక పాపైతే దారం తెగీ తెగీ తన చేతిలోనే లోపముందనుకుని ఫ్రేము అటక మీద పెట్టేసిందట. వింటుంటే కడుపులో దేవినట్టయింది.

పాఠం మళ్లీ తీశాను. ఫ్రేముకి బట్ట బదులు నల్ల నెట్ బిగించాను, కింద స్టూలు మీద రెండో ఫోను పైకి చూస్తున్నట్టు పెట్టాను. వేలి మీద నుంచి దారం సూది కొక్కెంలో పడటం ఇప్పుడు స్పష్టంగా కనపడుతుంది. తెల్ల నెట్ వాడకండి, లైటు కొడితే చెయ్యి కనపడదు. పాతవాళ్లకి పైసా తీసుకోకుండా పంపాను. ఆగిపోయినవాళ్లలో 17 మంది మళ్లీ మొదలుపెట్టారు.

ధనుర్మాసం బ్యాచ్‌కి 30 సీట్లే అన్నాను, 23 మంది చేరారు. ప్రకటనలకి నాలుగు వేలే అయింది, అదీ మాస్టారు చెప్పినట్టు ఆదివారం క్లాసు కోసం. 14 మంది పాతవాళ్లు చెబితే వచ్చినవాళ్లే. అటక మీద ఫ్రేము పెట్టిన పాప ఒక్కతే ముగ్గుర్ని పంపింది. జర్దోసి కోర్సు ఆషాఢానికి.

ఇంకొక్కటి అడగాలి. సూదులు, దారాలు, పూసలు కిట్లుగా పోస్టులో పంపుతున్నాను. సూది మొనలు విరిగిపోతున్నాయి. ఎవరైనా దేంట్లో పెట్టి పంపుతున్నారు?

కేక్ స్టూడియో, రాజమండ్రి
క్రీమ్ నాజిల్స్ పంపేటప్పుడు నాదీ ఇదే గోల అక్కా. జ్యూస్ స్ట్రా ముక్కలో సూది దూర్చి, రెండు చివరలా టేపు వేసి, దారపు ఉండ మధ్యలో గుచ్చండి.