లాస్ అండ్ డ్యామేజ్ నిధి: తుపాను దాటాక డబ్బు నిజంగా ఎలా చేరుతుంది?

ప్రశ్న – తీరరేఖ

వాతావరణ మార్పుతో దెబ్బతింటున్న దేశాల కోసం 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో ఒక నిధి పెట్టాలని తీర్మానించారు. 2023లో దుబాయ్ సదస్సు మొదటి రోజే దానికి రూపం ఇచ్చారు, హామీలూ వచ్చాయి. రేపు ఒక చిన్న ద్వీప దేశాన్ని తుపాను ఊడ్చేసిందనుకుందాం. ఆ దేశ ఆర్థిక శాఖ ఎవరిని అడగాలి? ఏం చూపించాలి? డబ్బు ఎక్కడ ఆగుతుంది? పరిహారంగా, హక్కుగా అడిగే వీలుందా?

జవాబు – ఖాతాపుస్తకం

ముందు అంకెలు విడదీసి చూడండి. ప్రకటించిన హామీలు సుమారు 77 కోట్ల డాలర్లు. వాటిలో సంతకాల దాకా వచ్చినవి కొన్ని, ఖాతాలో జమ అయినవి ఇంకా కొన్నే. వార్తల్లో తిరిగేది మొదటి అంకె, ఖర్చుకు పనికొచ్చేది చివరిది. పోలికకు ఒకటి చెప్తాను. 2022 వరదల్లో ఒక్క పాకిస్తాన్‌కే దాదాపు 1,490 కోట్ల డాలర్ల ఆస్తి నష్టం, దానికి అదనంగా 1,520 కోట్ల ఆర్థిక నష్టం జరిగినట్టు లెక్క తేలింది. 2023 జనవరిలో జెనీవాలో జరిగిన దాతల సమావేశంలో 900 కోట్లకు పైగా హామీ దొరికింది గానీ, అందులో ఎక్కువ భాగం ప్రాజెక్టు రుణాలే. నష్టపోయినవాడికి మళ్లీ అప్పు ఇవ్వడాన్ని సాయం కింద రాయడం నా దృష్టిలో తప్పు లెక్క.

ఇక నిధి పద్ధతి. 26 మంది పాలకమండలి నడుపుతుంది, ఫిలిప్పీన్స్ ఆతిథ్య దేశం, డబ్బు ప్రపంచ బ్యాంకు దగ్గర ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో బార్బడోస్‌లో తొలి విడతకు 25 కోట్ల డాలర్లు కేటాయించారు. ఒక్కో ప్రతిపాదనకు 50 లక్షల నుంచి 2 కోట్ల డాలర్ల దాకా, అదీ గ్రాంటుగానే, అంటే తిరిగి కట్టనక్కర్లేదు. కనీసం సగం చిన్న ద్వీప దేశాలకు, బాగా వెనుకబడిన దేశాలకు వెళ్లాలి. దరఖాస్తుల పిలుపు 2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలెమ్ వాతావరణ సదస్సులో వచ్చింది. ఇందులో మేలైన అంశం, ప్రభుత్వ బడ్జెట్‌కే నేరుగా మద్దతు ఇచ్చే వీలుండటం. ఏజెన్సీ చేతుల మీదుగా వెళ్తే ఫీజూ పోతుంది, నెలలూ పోతాయి.

జవాబు – వానకొలత

మొదటి రెండు వారాల ఖర్చుకు ఈ నిధి మీద ఆశ పెట్టుకోకూడదు. ఆ పని పారామెట్రిక్ బీమాది. ఇందులో కూలిన ఇళ్లు లెక్కపెట్టరు. గాలివేగం, వానపాతం ముందే రాసుకున్న గీత దాటితే చెల్లిస్తారు. 2024 జులైలో బెరిల్ తుపాను తర్వాత గ్రెనడాకు కరీబియన్ ఉమ్మడి బీమా సంస్థ నుంచి దాదాపు 4.4 కోట్ల డాలర్లు త్వరగానే అందాయి. ఆ దేశం అమ్మిన అప్పు పత్రాల్లో (బాండ్లలో) ముందే రాసుకున్న తుపాను షరతు వల్ల అప్పు వాయిదాలూ వెనక్కి జరిగాయి. ఆ షరతు తుపానుకు ముందే ఒప్పందంలో ఉండాలి, తుపాను వచ్చాక రాయించుకోలేరు.

గీత తప్పుగా గీస్తే మాత్రం ఘోరం జరుగుతుంది. 2015–16 కరువులో మలావీకి అదే జరిగింది. రైతులు వేసింది త్వరగా పండే మొక్కజొన్న, బీమా నమూనాలో రాసుకున్నది ఎక్కువ రోజులు తీసుకునే రకం. వాన ఏ దశలో మొహం చాటేస్తే ఎంత దెబ్బ అన్న లెక్క మొత్తం తారుమారైంది. నమూనా ప్రకారం చెల్లించాల్సింది ఏమీ లేదని తేలింది. పొలాల్లో అడిగి సరిచూశాక 81 లక్షల డాలర్లు ఇచ్చారు గానీ, అప్పటికి అత్యవసర పరిస్థితి ప్రకటించి నెలలు గడిచాయి. అందుకే ప్రీమియం కట్టే ముందే విత్తన రకం, నాటే వారం, వాన కొలిచే కేంద్రాల దూరం వ్యవసాయ శాఖతో కూర్చుని సరిచూసుకోవాలి.

తీరరేఖ

అయితే బీమా గట్టిగా ఉంటే నిధి అవసరం తగ్గుతుందా?

జవాబు – వానకొలత

తగ్గదు. ఎప్పుడో రావచ్చన్న దానికే బీమా. ఏటేటా పైకొచ్చే సముద్రం, ఉప్పెక్కే బావి తప్పకుండా జరిగేవి, వాటికి పాలసీ ఎవరూ రాయరు. ఫిజీలో వునిదొగొలోవా గ్రామాన్ని 2014లోనే లోపలికి తరలించారు. అలాంటి తరలింపుకు గ్రాంటే దారి.

జవాబు – సెక్షన్ ఎనిమిది

పరిహారం మాటకు వస్తే, పారిస్ ఒప్పందం 8వ అధికరణం నష్టం గురించే చెబుతుంది. కానీ ఆ ఒప్పందాన్ని ఆమోదించిన 2015 నిర్ణయంలోని 51వ పేరా, ఆ అధికరణం బాధ్యతకు గానీ పరిహారానికి గానీ ఆధారం కాదని తేల్చేసింది. నిధికి డబ్బు ఇవ్వడం కూడా స్వచ్ఛందమే. 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా అభిప్రాయం వేరే తలుపు తెరిచింది. బాధ్యతలు ఉల్లంఘించిన దేశం, కారణ సంబంధం రుజువైతే, పూర్తి పరిహారం ఇవ్వాల్సి రావచ్చని అంది. పసిఫిక్ ద్వీప దేశం వనువాటు ముందుండి నడిపిన ప్రయత్నం ఇది. 1991లో ద్వీప దేశాల తరఫున ఉమ్మడి బీమా నిధి ప్రతిపాదించిందీ ఆ దేశమే.

కాబట్టి రెండు ఫైళ్లు వేరుగా పెట్టండి. నిధికి పంపే దరఖాస్తులో తప్పెవరిదన్న వాదన పెట్టొద్దు. ఏం పోయింది, ఏం కావాలి అన్నదే ఉండాలి. కూలిన వంతెన విలువ ఆస్తి నష్టం, అది లేక ఆగిన సంతల రాబడి ఆర్థిక నష్టం. రెంటినీ ఒకే వరుసలో కలిపితే దరఖాస్తు వెనక్కి రావచ్చు. తుపానుకు ముందున్న ఆస్తుల జాబితా లేకపోతే అసలు లెక్కే మొదలవదు. ఆ జాబితా తయారుచేయడానికి సాంకేతిక సాయం కావాలంటే ఇలాంటి నష్టాలపై దేశాలకు సాంకేతిక సాయం అందించే ఐక్యరాజ్యసమితి ఏర్పాటు శాంటియాగో నెట్‌వర్క్‌ను అడగొచ్చు, విపత్తు వచ్చేదాకా ఆగక్కర్లేదు.