అప్‌డేట్: మావారి జ్ఞాపకాల గురించి అడిగాను కదా

మావారు పోయాక ఆయన ఫేస్‌బుక్ ఖాతాను ఏం చేయాలి, ఆయన గురించి ఇరుగుపొరుగు చెప్పే మాటలను ఎలా దాచుకోవాలి అని మిమ్మల్ని అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఖాతాను తీసేయలేదు, స్మారక ఖాతాగా మార్పించాను. ఇక అందులోకి ఎవరూ లాగిన్ కాలేరు, పాత ఫోటోలు, రాతలు మాత్రం అలాగే ఉంటాయి. 2015లో వచ్చిన లెగసీ కాంటాక్ట్ సదుపాయం, అంటే మన తర్వాత ఖాతాను చూసుకునే మనిషిని పెట్టుకోవడం, ఉంది కానీ, ఆ మనిషిని బతికుండగానే ఎంచుకోవాలి. ఆయన ఎంచుకోలేదు. దయచేసి మీ ఇంట్లో ఈ మాట ఎత్తండి.

అన్నిటికన్నా మేలు చేసింది మీలో ఒకరి సలహా. ‘ఆయన ఎలాంటివారు’ అని కాకుండా, ‘ఆయనతో గడిపిన ఒక్క రోజు గురించి చెప్పండి’ అని అడగమన్నారు. అలా అడిగితే పక్కింటి పెద్దావిడ, తనకు కంటి ఆపరేషన్ అయినప్పుడు ఆయన రోజూ సాయంత్రం వచ్చి పేపరు చదివి వినిపించేవారని చెప్పారు. నాకు మాత్రం నడకకు వెళ్తున్నానని చెప్పేవారు! ఇన్నేళ్లు కాపురం చేశాక కూడా ఆయన గురించి కొత్త సంగతి తెలియడం ఎంత సంతోషమో చెప్పలేను. ఆయన చిన్ననాటి స్నేహితుడైతే ఏడుస్తూ, నవ్వుతూ చాలాసేపు మాట్లాడారు. అడిగి రికార్డు చేసుకున్నాను, ఫోనులోనే కాక విడిగా డ్రైవులోనూ దాచాను. ఆఫీసువాళ్లు ఇంకా మిగిలారు, వచ్చే వారం కలుస్తున్నాను.