అప్‌డేట్: మిన్నెసోటాలో మా పాత ఇంటి చలిగాలి సంగతి

కిందటి నెల అడిగాను కదా, హీటర్ ఆగకుండా తిరుగుతున్నా పై గదిలో కాళ్లు గడ్డకడుతున్నాయి, కిటికీలన్నీ మార్చేయాలా అని. మార్చలేదు, డబ్బులు మిగిలాయి.

మీలో ఒకరు చెప్పినట్టు గాలి బాగా వీచే రోజు వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, చలిగాలి ఎక్కడ దూరుతోందో పొగని బట్టి చూద్దామని అగరబత్తి వెలిగించి ఇల్లంతా తిరిగాను (మా అత్తయ్య ఏదో పూజ అనుకుని వెనకే వచ్చారు). కిటికీల దగ్గర పొగ కొంచెమే ఊగింది. అసలు దొంగ అటక మూత! దాని కింద పెట్టగానే పొగ అడ్డంగా కొట్టుకుపోయింది. బయటి గోడల ప్లగ్ పాయింట్ల దగ్గరా అంతే.

మూత అంచుకి ఫోమ్ టేప్ అంటించి, పైన మందపాటి ఫోమ్ బోర్డు పెట్టాను. ప్లగ్‌ల వెనక ఫోమ్ ముక్కలు, బేస్‌మెంట్‌లో గోడ మీద చెక్క ఆనే చోట సందులకి సీలెంట్. ఒక్క శనివారం పని.

థర్మోస్టాట్ (ఇంట్లో ఎంత వేడి ఉండాలో సెట్ చేసేది) 72 నుంచి 68 డిగ్రీల ఫారన్‌హీట్‌కి దించాం, రాత్రి 64. బిల్లు ఇంకా రాలేదు గానీ హీటర్ మధ్యమధ్యలో ఆగుతోంది. సందులు మూసేవాళ్లు కార్బన్ మోనాక్సైడ్ అలారం (హీటర్ లాంటివాటి నుంచి వచ్చే ఆ విషవాయువు ఇంట్లో చేరితే మోగేది) పనిచేస్తోందో లేదో చూసుకోండి, మాదాంట్లో బ్యాటరీయే లేదు.