హవల్దార్‌గా రిటైరయ్యాను. డీఎస్‌సీలో సిపాయిగా చేరితే ఇప్పటి పెన్షన్ ఆగిపోతుందా?

పాత హవల్దార్:
అందరికీ నమస్కారం. రాత్రి భోజనాలయినప్పటి నుంచి ఈ కాగితాల ముందే కూర్చున్నాను, ఇప్పుడు తెల్లవారుతోంది. డీఎస్‌సీలో చేరదామని నిర్ణయించుకున్నాను. పాత సర్వీసు కలుపుకుంటారా లేదా అని ఒక ఆప్షన్ అడుగుతున్నారు. కలిపితే పెన్షన్ ఆగుతుందని ఒకరు, కలపకపోయినా ఆగుతుందని ఇంకొకరు చెబుతున్నారు. ఫోను చేసిన ప్రతిచోటా మరో నంబరు ఇచ్చి పంపేస్తున్నారు. మళ్లీ సిపాయిగా మొదలుపెట్టాలి, దానికి నేను సిద్ధమే. ఇద్దరు పిల్లల చదువులున్నాయి. పెన్షన్ ఆగుతుందా, ఆగదా? తెలిసినవారు మాత్రమే దయచేసి చెప్పండి.

లెక్కల మాస్టారు:
నమస్తే అండీ. డీఎస్సీకి ముందు టెట్ అర్హత ఉందా? బీఈడీ గానీ డీఈడీ గానీ పూర్తిచేశారా? మాజీ సైనికులకు రాష్ట్ర నియామకాల్లో 2 శాతం రిజర్వేషన్ ఉంది, కానీ ఆ అర్హతలు లేకుండా అది పనికిరాదు. స్కూల్ అసిస్టెంట్ పోస్టులకు సిలబస్ కావాలంటే పంపుతాను.

పాత హవల్దార్:
ఉపాధ్యాయుల డీఎస్సీ కాదండీ. డిఫెన్స్ సెక్యూరిటీ కోర్. సైన్యానిది.

వైజాగ్ గార్డు:
వయసెంత? సర్వీసెంత? మెడికల్ కేటగిరీ?

మాధవరం మనవడు:
అన్నా, మీ ప్రశ్నకు ముందు నా బాధ చెప్పనివ్వండి. మాది మిలటరీ మాధవరం పక్క ఊరు. మా బంధువుల్లో సైన్యానికి వెళ్లని ఇల్లు వెతికినా దొరకదు. ఒక హవల్దార్ అంటే సెక్షన్‌ను నడిపినవాడు. మంచులో, ఎడారిలో పదిమంది ప్రాణాలకు జవాబుదారీగా నిలబడినవాడు. అలాంటివాడిని తిరిగి తీసుకునేటప్పుడు భుజం మీద పట్టీలు తీసేసి గేటు దగ్గర నిలబెట్టడం ఏమి న్యాయం? అతను నేర్చిన విద్య డిశ్చార్జి రోజుతో పోతుందా? హోదా ఉంచి, జీతం వేరుగా నిర్ణయించవచ్చు కదా. మాజీ సైనికుల సంఘాలు పెన్షన్ అంకెల గురించి పోరాడినంతగా దీని గురించి పోరాడటం లేదు. మీరు సిద్ధమే అన్నారు గానీ, మొదటి రోజు పరేడ్‌లో నిలబడ్డాక మనసు ఎలా ఉంటుందో ఆలోచించుకోండి.

వైజాగ్ గార్డు:
నేను పదేళ్లు నిలబడ్డాను. మనసు బాగానే ఉంది. డీఎస్‌సీలో పక్కన నిలబడేవారిలో ఎక్కువమంది మనలాంటి పాత హవల్దార్లు, నాయక్‌లే. నావల్ డిపోకో, డీఆర్‌డీవో ప్రయోగశాలకో కాపలా కాయడం చిన్నపని కాదు. ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని ఆపాలో తేల్చడానికి పాత అనుభవమంతా అక్కరకొస్తుంది. ఆయన అడిగింది పెన్షన్ గురించి. వయసు చెప్పమన్నాను.

పెన్షన్ పత్రాలు:
ఆగదు. పాత సర్వీసు కలపకుండా ఉంటే మీ పెన్షన్ మీకు నెలనెలా వస్తుంది, దానితోపాటు డీఎస్‌సీ జీతం వస్తుంది. డీఎస్‌సీ సర్వీసు విడిగా లెక్కకు వస్తుంది. కలుపుకుంటేనే ఇప్పటి పెన్షన్ ఆగుతుంది, తీసుకున్న గ్రాచ్యుటీ తిరిగి కట్టాలి. చివరికి రెండూ కలిపి ఒకే పెన్షన్ లెక్క కడతారు. మీకు చెప్పినవారిలో మొదటివారు కరెక్టు.

అయితే రెండో పెన్షన్ కావాలంటే డీఎస్‌సీలో విడిగా 15 ఏళ్ల అర్హ సర్వీసు ఉండాలి. అందుకే వయసు అడుగుతున్నారు.

పాత హవల్దార్:
హమ్మయ్య, ఆగదన్నమాట. 24 ఏళ్ల సర్వీసు. డిశ్చార్జినాటికి మెడికల్ కేటగిరీ షేప్ వన్, అంటే పూర్తి ఫిట్. వయసు 43 దాటి అయిదు నెలలు. వయసుతో ఏమి పని? నోటిఫికేషన్‌లో రాసిన పరిమితి లోపలే ఉన్నాను.

వైజాగ్ గార్డు:
57కి పంపించేస్తారు. 57 లోంచి 43 ఏళ్ల 5 నెలలు తీసేయండి.

పెన్షన్ పత్రాలు:
13 ఏళ్ల 7 నెలలు వస్తుంది. మెడికల్, ర్యాలీ, కన్నూర్‌లోని డీఎస్‌సీ సెంటర్‌కు వెళ్లి చేరడం, వీటికి పట్టే నెలలు ఇందులోంచి ఇంకా తగ్గుతాయి. అంటే 15 ఏళ్లు నిండవు, రెండో పెన్షన్ రాదు. ఈ ఒక్క మాట ముందే తెలియక ఎంతమంది చివరి రోజున కంటతడి పెట్టారో చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. పెన్షన్ బదులు సర్వీస్ గ్రాచ్యుటీ వస్తుంది, పూర్తయిన ప్రతి ఆరు నెలలకు అర నెల జీతం చొప్పున. అదిగాక రిటైర్‌మెంట్ గ్రాచ్యుటీ. పిల్లల చదువు అయిపోయేవరకు పెన్షన్, జీతం రెండూ వస్తే చాలు అనుకుంటే చేరండి. ముసలితనంలో రెండు పెన్షన్లు అనే లెక్కతో మాత్రం చేరకండి.

తెలంగాణ ఎక్స్‌సర్వీస్‌మన్:
15 ఏళ్లకు ఏడాది వరకు తక్కువైతే ఆ లోటును మాఫీ చేసే వీలుంది కదా. ఆయనను ఎందుకు నిరాశపరుస్తున్నారు?

పెన్షన్ పత్రాలు:
ఆయన లోటు ఏడాదికి మించింది సార్, 17 నెలలు. పైగా రెండో సర్వీసు పెన్షన్‌కు ఆ మాఫీ వర్తించదని రక్షణ శాఖ 2017 జూన్ 20న ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని కాదని కొచ్చి సహా కొన్ని సాయుధ దళాల ట్రైబ్యునల్ బెంచీలు మాజీ సైనికుల పక్షాన తీర్పులిచ్చిన మాట నిజమే. అవి 14 ఏళ్లు దాటి, 15కి కొద్ది నెలల ముందు ఆగిపోయినవారి కేసులు. ఈయనకు అవి దన్ను కావు.

తెలంగాణ ఎక్స్‌సర్వీస్‌మన్:
సరే, అయితే ఇలాంటి తలనొప్పి ఉద్యోగం ఎందుకు? కేంద్రంలో గ్రూప్ సీ పోస్టుల్లో 10 శాతం, ప్రభుత్వరంగ బ్యాంకుల్లో క్లర్కు స్థాయిలో 14.5 శాతం మనకున్నాయి. ఇంటికి దగ్గరగా ఉండొచ్చు. 60 వరకు చేయొచ్చు. ఊరికే ఉద్యోగం మారినట్టు డీఎస్‌సీకి వెళ్లడం కంటే అదే మేలు.

వైజాగ్ గార్డు:
డీఎస్‌సీ ఉద్యోగం మారడం కాదు. మళ్లీ ఎన్‌రోల్ అవడం. మళ్లీ ఆర్మీ యాక్టు కిందికి వెళ్తారు. నచ్చలేదని నెల నోటీసిచ్చి రాలేరు. సెలవుకూ అనుమతి కావాలి. ఈ తేడా తెలియక వచ్చినవారు ఇబ్బందిపడతారు.

తెలంగాణ ఎక్స్‌సర్వీస్‌మన్:
కాగితాల మీద రీ-ఎంప్లాయ్‌మెంట్ అనే ఉంటుంది.

వైజాగ్ గార్డు:
రీ-ఎన్‌రోల్‌మెంట్ అని ఉంటుంది. మాటకు మాట కాదు, దానిమీదే రూల్సు మారతాయి. మీరు చెప్పే కేంద్ర సివిల్ ఉద్యోగంలో 2004 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ చేరితే ఎన్‌పీఎస్, అంటే జీతంలోంచి చందా కట్టే కొత్త పెన్షన్ పద్ధతి. సాయుధ దళాలకు అది లేదు.

మాధవరం మనవడు:
ఇద్దరూ మంచి మాటలే చెప్పారు. కానీ డీఎస్‌సీ పుట్టింది 1947 ఫిబ్రవరిలో. ఇన్నేళ్లుగా పాత సైనికులే దాని బలం. అలాంటి సంస్థలో హోదా విషయం ఇప్పటికీ ఇలాగే ఉండటం నాకు మింగుడుపడటం లేదు. మన ఎంపీలకు ఒక వినతిపత్రం రాద్దామా?

వైజాగ్ గార్డు:
రాయండి. అందులో హోదా కంటే ముందు 15 ఏళ్ల సంగతి రాయండి. 57 దాటనివ్వరు, 43కి చేర్చుకుంటారు, 15 అడుగుతారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టండి చాలు.

పెన్షన్ పత్రాలు:
హవల్దార్‌గారూ, ఇంకొక సంగతి. 2012 సెప్టెంబర్ 24 నుంచి ఇలా మళ్లీ చేరినవారి కుటుంబాలకు రెండు ఫ్యామిలీ పెన్షన్లూ ఇస్తున్నారు. సర్వీసులో ఉండగా మీకు ఏదైనా జరిగితే మీ ఇంటావిడ రెండింటికీ దరఖాస్తు చేసుకోవచ్చు. చేరిన రోజే నామినేషన్లో ఆమె పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు డిశ్చార్జి బుక్కులో ఉన్నట్టే రాయండి. అక్షరం తేడా వచ్చినా తర్వాత తిప్పుతారు. ఆప్షన్ ఫారం జిరాక్స్ సంతకంతో సహా దగ్గర పెట్టుకోండి.

పాత హవల్దార్:
అర్థమైంది సార్. పాత సర్వీసు కలపను. పిల్లలిద్దరి చదువులు అయ్యేవరకు చేస్తాను, రెండో పెన్షన్ ఆశ పెట్టుకోను. సాయంత్రం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తాను. అందరికీ థాంక్స్. జైహింద్.

నంద్యాల చెల్లెలు:
ఇక్కడే అడగొచ్చా? మా నాన్నగారు డీఎస్‌సీలో 14 ఏళ్ల 4 నెలలు చేసి వచ్చారు. అప్పుడు గ్రాచ్యుటీ మాత్రమే ఇచ్చారు. పైన చెప్పిన ట్రైబ్యునల్ తీర్పులు ఆయనకు వర్తిస్తాయా? రిటైరై ఎనిమిదేళ్లయింది. ఇంత ఆలస్యంగా కేసు వేస్తే తీసుకుంటారా?

లెక్కల మాస్టారు:
పెన్షన్ పత్రాలుగారు చూస్తారమ్మా, ఆగండి.