ఇంజనీరుకీ అకౌంటెంటుకీ లెక్కలెంత కావాలి, రాతెంత కావాలి?

ఖమ్మం_అక్క

పది పూర్తయిన చెల్లికి ఎంపీసీ, ఎంఈసీ, సీఈసీల్లో ఏది ఇప్పించాలో తేల్చుకోలేకపోతున్నాం. సీఈసీ తీసుకుంటే లెక్కల బాధ ఉండదు, సీఏ కూడా చేయొచ్చు అని కొందరంటున్నారు. బీటెక్‌కి లెక్కలొస్తే చాలు, రాసే పనేముంటుంది అని ఇంకొందరు. రెండింట్లో నిజమెంత? ఆ పనుల్లో ఉన్నవాళ్లు ఉదాహరణలతో చెప్పండి.

పద్దుల_పుస్తకం

మొదటి మాట సగమే నిజం అక్కా. సీఈసీ చదివినా సీఏ ఫౌండేషన్ (సీఏలో మొదటి మెట్టు పరీక్ష) రాయొచ్చు. కానీ అందులో మూడో పేపరు క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, 100 మార్కులు. తప్పు జవాబుకి పావు మార్కు కోత. వడ్డీలు, నిష్పత్తులు, శ్రేఢులు, సంభావ్యత, కొంచెం కలనం (కాల్క్యులస్) కూడా ఉంటాయి. సీఈసీ వాళ్లు వీటిని విడిగా నేర్చుకోవాల్సిందే. లెక్కలంటే భయం లేకపోతే ఎంఈసీ మేలు.

ఉద్యోగంలో కలనం కనబడదు. కావలసింది శాతాలను తలకిందులుగా ఆలోచించగలగడం. 18 శాతం జీఎస్టీ కలిపి 1,18,000 బిల్లయితే పన్ను ఎంత? కొత్తవాళ్లు 1,18,000కి 18 శాతం కట్టి 21,240 రాసేస్తారు. 118తో భాగించి 18తో గుణించాలి, 18,000 వస్తుంది.

ఇంకోటి. ట్రయల్ బ్యాలెన్సులో, అంటే ఖాతాలన్నిటి డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానంగా రావాల్సిన పట్టీలో, 2,700 తేడా ఉందనుకోండి. 9తో భాగం పోతోంది కాబట్టి ముందు అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి: 6,300ని 3,600 అని ఎక్కించినా, 3,000లో ఒక సున్నా పోయి 300 అయినా తేడా 2,700 వస్తుంది. అక్కడ దొరక్కపోతే సగం చేసి 1,350 ఎంట్రీ డెబిట్‌కి బదులు క్రెడిట్‌లో పడిందేమో వెతకాలి. ఇది తెలియనివాళ్లు వోచర్లన్నీ మొదటినుంచీ తిరగేస్తూ కూర్చుంటారు.

ఇక రాత. జీఎస్టీ ఆఫీసు నుంచి ఏఎస్‌ఎంటీ-10 నోటీసు వచ్చిందనుకోండి: 3బీ రిటర్నులో (మనం వేసేది) తీసుకున్న క్రెడిట్, అంటే కొన్నవాటి మీద కట్టిన పన్నుకి మినహాయింపు, 2బీలో (అమ్మినవాళ్ల రిటర్నుల నుంచి తయారయ్యే పట్టీ) కనబడేదానికంటే 1,40,000 ఎక్కువుంది, కారణం చెప్పమని. నోటీసులో ఇచ్చిన గడువులోగా ఏఎస్‌ఎంటీ-11 ఫారంలో జవాబివ్వాలి. ‘మేము అన్నీ సక్రమంగానే చేశాం, దయచేసి వదిలేయండి’ అంటూ రెండు పేజీలు రాస్తే అధికారి చేతికి ఏమీ అందదు. మొదటి వాక్యంలోనే నోటీసు నంబరు, తేదీ, తేడా మొత్తం ఉండాలి. తర్వాత ముక్కలు: ‘1,05,000 గత ఆర్థిక సంవత్సరపు బిల్లులది. అవి ఆ సంవత్సరం 2బీలో ఉన్నాయి, క్రెడిట్ నవంబరు 30 లోపు తీసుకున్నాం, జాబితా జతచేశాం. 35,000 ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కినందువల్ల వచ్చింది, డీఆర్‌సీ-03లో కట్టేశాం.’ డీఆర్‌సీ-03 అంటే మనంతట మనమే పన్ను కట్టే ఫారం. ఆ క్రెడిట్ వాడేసుకుని ఉంటే 18 శాతం వడ్డీ కూడా కట్టాలి, 100 రోజులకి 1,726 రూపాయలు. ముక్కలన్నీ కూడితే నోటీసులోని అంకెకి రూపాయి తేడా లేకుండా రావాలి. రాకపోతే భాష ఎంత బాగున్నా ఆ జవాబు నిలబడదు.

సైటు_ఇంజనీరు

పై జవాబు బాగుంది. ఇంజనీరింగ్ వైపు నేను చెప్తాను. ‘రాసే పనేముంటుంది’ అన్న మాటతోనే నాకు పేచీ.

లెక్కల సంగతి ముందు. డిజైన్ సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. అది తప్పు చెప్పినప్పుడు పట్టుకోవడమే ఇంజనీరు పని. బీమ్ పొడవు 4 మీటర్ల నుంచి 5కి పెరిగితే పెరిగింది పాతిక శాతమే అనిపిస్తుంది. బరువు సమంగా పరుచుకున్న బీమ్‌లో బెండింగ్ మూమెంట్ (బీమ్‌ని వంచే ప్రభావం) పొడవు వర్గంతో పెరుగుతుంది, అంటే 56 శాతం ఎక్కువ. వంగడం నాలుగో ఘాతంతో పెరుగుతుంది, అంటే బీమ్ సైజు మార్చకపోతే దాదాపు రెండున్నర రెట్లు. ఈ అందాజా లేనివాడికి స్క్రీన్ మీద ఏ అంకె వచ్చినా ఒకటే. స్టీలుకీ అంతే: మిల్లీమీటర్లలో వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కేజీలో వస్తుంది. 12 ఎంఎం రాడ్డు 0.889 కేజీలు, 12 మీటర్ల రాడ్డు 10.67. వంద రాడ్లకి బిల్లులో 1,167 కేజీలని ఉంటే సంతకం పెట్టకముందే వంద కేజీలు ఎక్కడివని అడగాలి.

రాత దగ్గరికొస్తే, అందులో తేడా వస్తే ప్రాణాలే పోతాయి. 1981 జులై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడకవంతెనలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్లో పైకప్పు నుంచి దిగే ఒకే రాడ్డు నాలుగో అంతస్తు వంతెననీ, దాని కింద రెండో అంతస్తు వంతెననీ మోయాలి. తయారీలో సులువని దాన్ని రెండు రాడ్లు చేశారు. కింది వంతెనని పై వంతెన బీమ్‌కే వేలాడదీశారు. దాంతో ఆ బీమ్ కింద నట్టు మీద భారం రెట్టింపయింది. మొదటి డిజైనే నగర నిబంధనలకి చాలినంత బలంగా లేదు, దాని మీద ఇది. భారం రెట్టింపవుతుందన్న లెక్క హైస్కూలు పిల్లలు కూడా వేయగలరు. మార్పు డ్రాయింగులోకి వచ్చింది గానీ, దానివల్ల ఏ జాయింటు మీద ఎంత భారం మారుతుందో మళ్లీ లెక్కేసి చూడలేదు.

ఏం మారిందో స్పష్టంగా రాస్తేనే అవతలివాళ్లు సరిచూడగలరు. అందుకే సైటులో ‘బీమ్‌కి స్టీలు కొంచెం పెంచండి’ అని వాట్సాప్ పెడితే నేరమే అంటాను. ఇలా ఉండాలి: ‘రెండో అంతస్తు, బీమ్ బీ-4, గ్రిడ్ 3 నుంచి 4: అడుగున 16 ఎంఎం రాడ్లు 3 బదులు 4, నాలుగోది కూడా పూర్తి పొడవు, కవర్ 30 ఎంఎం. ఇది రివిజన్ సీ. రివిజన్ బీ కాగితాలు మేస్త్రీ దగ్గర్నుంచి వెనక్కి తీసుకోండి.’ (గ్రిడ్ అంటే ప్లానులో నంబర్లేసిన గీతలు, కవర్ అంటే రాడ్డు మీద ఉండే కాంక్రీటు మందం.) చివరి వాక్యం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. పాత కాగితం సైటులో ఉన్నంతకాలం ఎవరో ఒకరు దాన్ని చూసే రాడ్డు కడతారు.

ఖమ్మం_అక్క

ఇద్దరికీ ధన్యవాదాలండి. చెల్లిది తెలుగు మీడియం. ఇంగ్లీషు రాత దెబ్బ తీస్తుందా?

పద్దుల_పుస్తకం

తీయదు అక్కా. పైన రాసిన నోటీసు జవాబులో కష్టమైన ఇంగ్లీషు మాట ఒక్కటీ అక్కర్లేదు. ఎవరు, ఏ తేదీ, ఎంత, ఎందుకు, జత ఏమిటి: ఈ ఐదూ చిన్న వాక్యాల్లో చెప్పగలిగితే చాలు. ఇప్పటినుంచే ఇంటి కరెంటు బిల్లు తీసుకోమనండి. పోయిన నెలకీ ఈ నెలకీ తేడా ఎంత, అందులో యూనిట్లు పెరిగినందువల్ల ఎంత, స్లాబు మారినందువల్ల ఎంత అని లెక్కగట్టి, ముందు తెలుగులో ఐదు వాక్యాలు రాయించండి. బిల్లు చూడని మీ అమ్మగారికో నాన్నగారికో ఇచ్చి చదివించండి. వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తే, వేసినచోట తిరగరాయాలి. ఇంగ్లీషులోకి మార్చడం ఆ తర్వాత.